డ్రైవరుగారి టెలిస్కోపు

పెరట్లోకి టెలిస్కోపు వచ్చిన రోజు నుంచీ సిటీ బస్సు డ్రైవరు భార్య దాన్ని సవతి అనే పిలిచేది. తెల్లటి గొట్టం, మూడు సన్నకాళ్లు, చూడ్డానికి కొంగలా ఉండేది. డ్యూటీ దిగి, ఖాకీ చొక్కా మేకుకి తగిలించి, కాళ్లయినా కడుక్కోకుండా ఆయన దాని దగ్గరికి పోయేవాడు. తీగ మీద ఆరీ ఆరని దుప్పట్లు అడ్డమొస్తున్నాయని లాగి కుర్చీలో కుప్పపోస్తే ఆవిడకి ఒళ్లు మండేది.

"అందరూ శని వదిలితే చాలనుకుంటారు. మీరేంటండీ, ఏరికోరి ఇంటికి పిలుస్తున్నారు?"

"పిలిచినా రావడం లేదే! ఎదురింటి నీళ్ల ట్యాంకు వెనకే నక్కుతున్నాడు," అని నవ్వేవాడు.

ఈ పిచ్చి ఎలా పట్టిందంటే, ఒక సాయంత్రం బస్సు చెడిపోయి మెకానిక్ కోసం ఎదురుచూస్తుంటే, పక్క మైదానంలో కాలేజీవాళ్లు దారినపోయేవాళ్లకి టెలిస్కోపులో శనిని చూపిస్తున్నారు. వలయంతో సహా కనిపించేసరికి మనిషి ఫ్లాటైపోయాడు. కానీ సొంత టెలిస్కోపు కొన్నాక ఆయన మనసు గురుడి మీదికి మళ్లింది. చీకటి పడగానే ఇంటి కప్పు పైన కనిపించేవాడు గురుడు. పక్కనే నాలుగు చందమామలు, చిన్న చుక్కల్లా. ఇవాళ ఇటు ఒకటి, అటు మూడు. మర్నాడు చూస్తే, కండక్టరు కళ్లుగప్పి సీట్లు మారిన ప్రయాణికుల్లా ఇంకెక్కడో ఉండేవి.

రానురాను ఆ చుక్కలు మాయమైపోయాయి. గురుడు కూడా తడి వేలితో చెరిపినట్టు అలుక్కుపోయాడు. మంచు పట్టిందేమో అనుకున్నాడు. మెత్తటి గుడ్డతో అద్దం తుడిచాడు. చివరికి కొట్టువాడికి ఫోన్ చేసి, "మీరు అమ్మింది టెలిస్కోపా, బొమ్మా?" అని దులిపేశాడు. తెచ్చి చూపించమన్నాడు వాడు.

ఆ రాత్రి దాన్ని సర్దడానికి అట్టపెట్టె తీస్తుంటే భార్య వచ్చింది. "పోయేముందు సవతి ముఖం నేనూ ఒకసారి చూస్తాను, జరగండి."

వంగి కన్ను ఆనించింది. "ఏవండీ, పక్కనున్న ఈ చుక్కలేంటి?"

"ఏ చుక్కలు?"

"నాలుగున్నాయిగా! సూదిమొనల్లా."

ఆయన గబుక్కున వంగాడు. అదే మసక.

"ఆ కన్ను కాదు, రెండోది పెట్టండి," అంది ఆవిడ నెమ్మదిగా.

ఎప్పుడూ కుడికన్నుతోనే చూసేవాడు. ఎడమకన్ను పెట్టాడు. నాలుగూ ఉన్నాయి.

బట్టలుతికే గట్టు మీద కూలబడ్డాడు. "సాయంత్రాలు ఎదురొచ్చే బళ్ల లైట్లు పువ్వుల్లా విచ్చుకుంటున్నాయే. అద్దం సరిగ్గా తుడవలేదని క్లీనర్ని తిడుతున్నా, పాపం."

"అలాగే నడిపారా, నిండా జనంతో?"

"చెబితే బండి దింపేస్తారు. స్టీరింగు లేకపోతే నేనేం మనిషిని?"

ఆవిడ అట్టపెట్టె మూసి గోడకి చేరేసింది. "రేపు మీ బస్సు నేనెక్కను. ఇంకెవరి పెళ్లాం ఎక్కాలో మీరే చెప్పండి."

మర్నాడు డిపోలో కంట్రోలరు చాపిన డ్యూటీ కాగితం ఆయన అందుకోలేదు. "ఇవాళ నాకు బండి ఇవ్వకండి సార్."

"ఏంటయ్యా, జ్వరమా?"

"కన్ను సార్. కుడికంటికి సరిగ్గా ఆనడం లేదు."

టీ తాగుతున్న డ్రైవర్లంతా అటు తిరిగారు. కంట్రోలరు గొంతు తగ్గించాడు. "నువ్వు చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు కదయ్యా."

"అదే సార్ భయం."

ఆసుపత్రిలో చూసి కంటిలో శుక్లం ఉందన్నారు, ఆపరేషన్ కావాలన్నారు. తేదీ వచ్చేదాకా టైర్ల షెడ్డులో కూర్చోబెట్టారు. తను నడిపిన బస్సు ఇంకొకడి చేతిలో గేటు దాటుతుంటే మలుపు తిరిగేదాకా చూసేవాడు. "గురుడి మీద కన్నేస్తే ఊరుకుంటాడా?" అని తోటివాళ్లు ఆటపట్టిస్తే అందరికంటే ముందు తనే నవ్వేవాడు. తర్వాత కుళాయి దగ్గరికి పోయి, అవసరం లేకపోయినా ముఖం కడుక్కునేవాడు.

ఆపరేషన్ అయ్యాక కొన్నాళ్లు వంగకూడదన్నారు. చీకటి పడితే మంచం మీద ఆయన, పెరట్లో ఆవిడ.

"ఎడమవైపు రెండు, కుడివైపు ఒకటి! నాలుగోది లేదండీ!" అని కిటికీలోంచి కేకేసేది.

"వెనక్కి పోయుంటుంది. గొట్టం కదిలించకు."

"నాకు తెలుసులెండి!"

కన్ను కుదుటపడ్డాక పగటి డ్యూటీ మాత్రమే ఇచ్చారు. రెండ్రోజులు ముఖం మాడ్చుకున్నాడు, తర్వాత అలవాటుపడ్డాడు. అప్పటికి గురుడు పడమటికి జారుతున్నాడు. కొత్త కన్నుతో చూస్తే తెల్లగా, రెండో కన్నుతో చూస్తే కాస్త పసుప్పచ్చగా కనిపించాడు.

"ఇన్నాళ్లూ పాత పేపరు రంగులో చూశానే!" అన్నాడు ఆశ్చర్యంగా.

"చూసింది చాలు, జరగండి," అంటూ ఆవిడ కుర్చీ లాక్కుని వచ్చింది.