తెల్ల పట్టుచీర తగువు

“అమ్మ సీర నాది. నానొగ్గను.”

“నీకెందుకే అప్పా? నీకేటి పెళ్లా? నా కూతురు పెళ్లికూతురవుతాది, దానికి కావాలి.”

“అమ్మని లేపి కూకోబెట్టింది నాను, పడుకోబెట్టింది నాను. నువ్వు పండక్కొచ్చి, తిని ఎల్లిపోయేదానివి!”

నా కుట్టుమిషను పక్కన నిలబడి అక్కాచెల్లెళ్లు ఇలా అరుచుకున్నారు. కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడు, బొబ్బిలిలో మా ఇంటి వసారా అది. నేను ఆడవాళ్ల బట్టలు కుట్టే దర్జీని. మూడో తరగతిలో చదువు ఆగింది, బైబిలు మాత్రం వేలు పెట్టి కూడబలుక్కుని చదువుతాను. మా ఆయన పోయాక మిషను ఆపితే ఇంట్లో ఇంకో చప్పుడు లేదు.

మా క్రైస్తవుల్లో పెళ్లికూతురు తెల్లచీర కడుతుంది. ఇది వాళ్లమ్మ పెళ్లిచీర, మడతల దగ్గర పట్టు చిట్లింది. చెల్లెలు సువార్త దాన్ని రఫ్ఫు చేయించడానికి, అంటే చిరుగు కనబడకుండా పోగులు అల్లించడానికి తెచ్చింది. అక్క ఎస్తేరు (అక్కని మా వైపు అప్ప అంటాం) వెనకే పరుగున వచ్చింది. ఎస్తేరుకు పెళ్లి కాలేదు. తల్లి పోయేదాకా తల్లితోనే ఉంది.

నాకు బైబిల్లోని సొలొమోను రాజు గుర్తొచ్చాడు. ఒక బిడ్డ కోసం ఇద్దరాడవాళ్లు కొట్లాడితే బిడ్డను రెండు ముక్కలు చెయ్యమన్నాడు, కన్నతల్లి వద్దని ఏడ్చింది, బిడ్డ ఆమెదేనని తేలింది. నేనూ పెద్ద కత్తెర తీసి చీర అంచు మీద ఆనించాను. “సెరిసగం కోసేస్తాను, పట్టుకెల్లండి.”

“కొయ్యి పిన్నీ,” అంది ఎస్తేరు.

“కోసీ. ఈవిడికి మాత్రం దక్కకూడదు,” అంది సువార్త.

ఇద్దరూ కొయ్యమంటే ఏం చెయ్యాలో చర్చిలో ఎవరూ చెప్పలేదు. కత్తెర కింద పెట్టాను. సొలొమోను దేవుణ్ణి ఐశ్వర్యం అడగలేదు, శత్రువుల ప్రాణాలూ అడగలేదు. మంచిచెడ్డలు తెలిసే మనసు అడిగాడు. ఆ ఇద్దరాడవాళ్ల మాటా ఆఖరిదాకా విన్నాకే కత్తి తెమ్మన్నాడు. నాకింకా ఎస్తేరు మాట సగమే తెలుసు.

“ఒసే ఎస్తేరూ, అరవకుండా సెప్పు. ఈ సీరతో ఏటి సేస్తావు?”

ఆమె నేల చూపులు చూసింది. “పెట్టెలో పెట్టినప్పుడు నాకు కట్టండి. తెల్లసీర కట్టే రోజు నాకు ఇంకేటున్నాది పిన్నీ?”

అది శవపెట్టె మాట అని సువార్తకు అప్పుడు అర్థమైంది. “పెళ్లికూతురు కట్టే సీర మీద ఆ మాటలేటే!” అంది గానీ, గొంతులో ఇందాకటి బిరుసు లేదు.

నేను మెత్తగా మాట్లాడే మనిషిని కాను. “సచ్చాక కడితే అద్దంలో సూసుకుంటావేటే? పట్టు మట్టిలో పెడతారా, దండగ!” అన్నాను.

ఎస్తేరు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెళ్లిపోయింది. సువార్త ఇంకో వీధంట వెళ్లింది. చీర నా ఒళ్లో మిగిలింది.

నాకు ఆఖరి చీర కట్టేదెవరో అంతకుముందు ఆలోచించలేదు. ఆ సాయంత్రం ఆలోచించాను. ఒంటరి మనిషి తన కోరిక తనంతట తాను బయటపెట్టదు, దాని మీద తగువు మాత్రం పెడుతుంది. ఆ తగువు వెనక ఏముందో అడిగి, జవాబు వచ్చేదాకా నోరు మూసుకుని కూర్చోవాలి. బైబిలు చెప్పే జ్ఞానంలో నా చేతికి అందింది ఆ కాస్తే. ఆ తరవాత ఎవరు గొడవతో వచ్చినా ముందు పీట వేస్తాను.

మర్నాడు పొద్దున్న సువార్త వాళ్లప్ప చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. “పిన్నీ, తలుపెయ్యి. ముందు మా అప్పకి కట్టు, పిల్లకి తరవాత.”

“సిగ్గు లేదేటే నీకు, ఈ వయసులోన,” అని తిడుతూనే ఎస్తేరు నిలబడింది. నేను చీర కట్టాను. సువార్త నేల మీద కూర్చుని కుచ్చిళ్లు సర్దింది. అద్దం ముందు ఎస్తేరు చాలాసేపు ఉంది. తరవాత చీర విప్పి, మడిచి, నా చేతిలో పెట్టింది.

“పిల్ల పెళ్లికి బాగు సేసీ పిన్నీ. పెళ్లయ్యాక సీర నా ఇంటికే రావాలి.”

“తెస్తానే,” అంది సువార్త.

వాళ్లిద్దరూ కలిసి వెళ్లారు. నేను సూదిలోకి తెల్లదారం ఎక్కించాను.