తెగిన వైరు

రెండువేల పది ప్రాంతంలో మా డీజిల్ కారుకు పికప్ పోయింది. టర్బోలో గాలి ఒత్తిడిని కనిపెట్టే సెన్సర్ చెడిపోయిందన్నారు అందరూ. నారాయణగూడ ఎలక్ట్రీషియన్ మాత్రం, తన అలవాటు ప్రకారం కళ్లు మూసుకుని, వైరును రెండు వేళ్లతో నొక్కుకుంటూ పోయి ఒకచోట ఆగాడు.

"సెన్సర్ మంచిగనే ఉన్నది సార్. దానికి అన్నీ తెలుస్తున్నయ్. వైరు తెగి, చెప్పనీకి వస్తలేదు, గంతే."

మరుసటి ఏడు పక్షవాతంతో ఆయన మాట పడిపోయింది. చూడటానికి అశోక్‌నగర్‌లోని ఆయన ఇంటికి వెళ్లాను.

"ఎవరొచ్చిన్రో గూడ తెలుస్తలేదు సార్ ఈయనకు," అంది భార్య, ఆయన ఎదుటే.

ఆయన కళ్లు మూసుకున్నాడు. అవే రెండు వేళ్లతో నా చేతిని మణికట్టు నుంచి నొక్కుకుంటూ పోయి, మోచేతి దగ్గర ఆగాడు.

ఆయనకన్నీ తెలుస్తున్నాయని ఆమెకు చెప్పబోయాను. నాకూ మాట రాలేదు.