బాబ్జీ గదికి గడియ వేసినవాళ్లకు

నిన్న సుగుణక్కగారి సమాధిలో పిడికెడు మట్టి వేసిన బంధువులారా, ఒక్కటి చెప్పండి. ఆ టైంలో ఆమె తమ్ముడు బాబ్జీ ఎక్కడున్నాడు?

నిన్న పొద్దున్న సఖినేటిపల్లి రేవులో ఉండగా ఫోన్ వచ్చింది. “సుగుణ టీచరుగారు పోయేరండీ.”

గోదారి దాటడానికి ఎక్కాల్సిన పంటు నా ముందే వెళ్లిపోయింది.

సాయంత్రం సమాధి దగ్గర తెలిసింది. బాబ్జీ అరుస్తాడని, పరువు పోతుందని, గదిలో పెట్టి గడియ వేశారట.

అరవై దాటిన మనిషి. మాట ముద్దగా వస్తుంది. ఏదైనా రెండుసార్లు నెమ్మదిగా చెప్పాలి. అంతే!

నేనూ పుణ్యాత్ముణ్ణి కాదు.

డెబ్భైల చివర. నాకు ఇరవై రెండేళ్లు, చంకలో బైబిలు, నోట్లో నిప్పు. అక్క ట్రైనింగుకి రాజమండ్రి వెళ్లిన వారం ఇంట్లోవాళ్లు నన్ను పిలిచారు. బాబ్జీకి దెయ్యమన్నాను. ఉపవాస ప్రార్థన పెట్టాను. రెండు రోజులు అతనికి గంజి కూడా పొయ్యనివ్వలేదు.

మూడో రోజు అక్క బస్సు దిగి నేరుగా వచ్చారు. ప్రార్థన మధ్యలో తమ్ముడి ముందు అన్నం కంచం పెట్టారు.

“ఏవయ్యా దైవసేవకుడా, పొద్దున్న పెసరట్టు తిన్నావా?”

“ఆయ్... తిన్నానండీ.”

“మరి ఉపవాసం ఆడొక్కడికేనా? ఆడికి దెయ్యం లేదయ్యా. ఆకలేస్తోంది.”

బాబ్జీ తింటుంటే నేను బైబిలు మూసేశాను.

ఎనభైల్లో అక్క అతన్ని ఓటుకి తీసుకెళ్లారు. “ఇతనికి ఓటేంటండీ?” అని బూత్‌లో పార్టీ ఏజెంటు నవ్వాడు. “లిస్టులో పేరుందా లేదా? ఉంటే నవ్వు ఆపి సిరా పెట్టించండి” అన్నారు అక్క. బాబ్జీ ఆ వేలు ఊరంతా చూపించాడు.

అలాంటి మనిషిని ఇవాళ నాలుగింటికి వ్యాన్ ఎక్కించి ఏదో హోంకి పంపేస్తారట. ఏ ఊరో కూడా చెప్పరట. అతన్ని ఒక్కరైనా అడిగారా?

ప్రభువు విందుకి ఎవరిని పిలవమన్నాడు? బీదల్నీ, కుంటివాళ్లనీ, గుడ్డివాళ్లనీ కాదా? మీ బైబిళ్ల జిప్పులు తీసి చదవండి. అల్పుల్లో ఒకడికి తలుపేసి, ఆదివారం ఏ మొహంతో రొట్టె తీసుకోడానికి ప్రభువు బల్ల దగ్గరకి వస్తారు?

మా ఇంట్లో బాబ్జీకి మంచం వేశాను. వస్తాడో, అక్క ఇంట్లోనే ఉంటానంటాడో, అతన్నే అడుగుదాం. ఉంటానంటే వంతులేసుకుని మనమే చూసుకుందాం.

అక్కా, చాలా పోట్లాడారు. ఇక ప్రభువు ఒడిలో నెమ్మదిగా నిద్రపోండి.

మిగతావాళ్లు ఈ పోస్టు కింద దండం బొమ్మలు పెట్టకండి. మూడున్నరకల్లా వచ్చి ఆ ఇంటి గుమ్మంలో నిలబడండి.

ఇవాళే.