రాతి ద్వారం కింద మోగిన ఫోన్

మా అత్తయ్యకు తుంటి ఆపరేషన్ అయ్యాక ఆమెను చూసుకోవడానికి వచ్చిన మనిషిది టిబెట్. ఇక్కడ అమెరికాలో, ఎడిసన్‌లో మా తెలుగువాళ్ళంతా ఆమెను నేపాలీ అనుకునేవారు. కాదు, టిబెట్ అని గుడిలో ఒకావిడకు చెబితే, ఏదో ఒకటిలెండి అంది. నాకు ఒళ్ళు మండింది. అయితే మొదటి వారం నేనూ నేపాలీ అనే అనుకున్నాను గనక నోరు మూసుకున్నాను.

ఆమెకు అరవై దగ్గర. పదిహేనేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు మంచుకొండలు దాటి పారిపోయి వచ్చి, మైసూరు దగ్గర టిబెట్ వాళ్ళ కాలనీలో పెరిగింది. అత్తయ్య హైదరాబాదు హిందీ, ఆమె కన్నడం కలిసిన హిందీ ఇట్టే కలిసిపోయాయి. నెల తిరిగేసరికి అత్తయ్యకు తల దువ్వాలన్నా ఆమే, తగువు పడాలన్నా ఆమే.

వాళ్ళ ఊరు ఎంత ఎత్తంటే, కుక్కర్ లేకపోతే పప్పు ఉడకదట. ఊరి మొదట్లో పాత రాతి ద్వారం ఉంది. ఒకప్పుడు దానికి రెండువైపులా కోటగోడ ఉండేది. గోడ రాళ్ళు ఎవరెవరి ఇళ్ళలోకో, ఏ రోడ్ల కిందికో పోయాయి, ద్వారం ఒక్కటే నిలిచింది. ఎనభై దాటిన వాళ్ళమ్మ రోజూ పొద్దున్నే దాని కింద అరుగు మీద ఎండకు కూర్చుని ప్రార్థన చక్రం తిప్పుకుంటుంది. అమెరికా పాస్‌పోర్ట్ వచ్చాక ఈమె అమ్మను చూడాలని రెండుసార్లు వీసాకు అప్లై చేసింది. రెండుసార్లూ రిజెక్ట్ చేశారు, కారణం చెప్పలేదు. అమ్మ ముఖం చూడటానికి ఇక మిగిలింది ఫోన్ ఒక్కటే.

మాకు దీపాలు పెట్టే వేళకు వాళ్ళకు ఎండ వస్తుంది. అక్కడే ఉండిపోయిన ఆమె తమ్ముడు ఫోన్ పట్టుకుని ద్వారం దగ్గరికి వెళ్ళేవాడు. ద్వారం మీద పోలీసుల కెమెరా ఉందంటున్నావు కదా, ఇంట్లో మాట్లాడుకోవచ్చు కదా అని అడిగాను. దాక్కుని మాట్లాడితేనే అనుమానం వస్తుందట, అందరి ముందూ మాట్లాడితే ఎవరూ పట్టించుకోరట. మాటలు కూడా అలాంటివే. మోకాళ్ళు, చలి, బార్లీ పంట. ఎప్పుడు వస్తావని తల్లి అడగదు, వస్తానని కూతురు అనదు. ఆ పది మాటల కోసం ఆమె పొద్దుటి నుంచీ గడియారం చూసేది.

ఆమె దగ్గర వాళ్ళ గురువుగారి ఫొటో ఒకటి ఉండేది. అత్తయ్య దాన్ని అడిగి తీసుకుని, వెంకటేశ్వరస్వామికీ యాదగిరి నరసింహస్వామికీ మధ్య పెట్టి, బొట్టు పెట్టి, రోజూ ఒక పువ్వు పెట్టేది. మా అత్తయ్య ఏ దేవుణ్ణీ గుమ్మంలో నిలబెట్టే రకం కాదు. వాళ్ళ ఊళ్ళో ఆ ఫొటోను సర్కారు నిషేధించింది, ఇంట్లో దొరికితే జైలే. ఆ సంగతి ఆమె నాకు చెప్పింది గానీ, అత్తయ్యకు చెప్పొద్దంది. అత్తయ్య నోట్లో నువ్వుగింజ నానదని అప్పటికే తెలుసుకుంది.

ప్రతి కాల్‌లోనూ అత్తయ్య ఓసారి ఫోన్ తీసుకుని అవతలి ముసలమ్మకు నమస్కారం పెట్టేది. ఆవిడ నవ్వేది, అంతే. ఆరోజు కూడా ఫోన్ అత్తయ్య చేతికిచ్చి, ఆమె వేడినీళ్ళ కోసం లోపలికి వెళ్ళింది. నేను స్టవ్ దగ్గర ఉన్నాను. అత్తయ్య వీల్‌చైర్‌లోనే వెనక్కి తిరిగి ఫోన్‌ను దేవుడి అలమర వైపు పెట్టింది.

"అక్కా, గిటు సూడు. మీ గురువుగారిని మా దేవుళ్ళల్ల పెట్టుకున్న. రోజూ పువ్వు పెడ్తున్న."

నేను చేతిలో గరిటెతోనే పరిగెత్తాను. అప్పటికే తెర మీద ముఖం లేదు. వాళ్ళమ్మ ఫోన్‌కు నుదురు ఆనించింది. తెర నిండా ముడతలు పడ్డ చర్మం, నాలుగు తెల్ల వెంట్రుకలు. చుట్టూ ఇంకెవరో ముసలమ్మలు చేరినట్టున్నారు, ఒకావిడ గట్టిగా ఏడుస్తోంది. తరవాత తెర మీద ద్వారం రాళ్ళు పక్కకు ఒరిగాయి, ఆకాశం కనబడింది, కాల్ కట్ అయింది.

అత్తయ్య కళ్ళు తుడుచుకుంటూ, మీ అమ్మ మొక్కింది అని ఆమెకు సంబరంగా చెప్పింది. ఆమె నీళ్ళగ్లాసు బల్ల మీద పెట్టింది. మందులిచ్చింది.

పుణ్యానికి పోతే పాపం ఎదురవడమంటే ఇదే. మర్నాటి నుంచి ఆ నంబర్ పలకలేదు. తమ్ముణ్ణి పోలీసులు తీసుకెళ్ళారని మైసూరు చుట్టం ద్వారా తెలిసింది. అతను తిరిగొచ్చాడు గానీ ఫోన్ ముట్టుకోనన్నాడు. అత్తయ్య రోజూ అడిగేది. నెట్‌వర్క్ లేదమ్మా అని ఈమె రోజూ చెప్పేది. ఇద్దరి మధ్యా నాకు పిచ్చెక్కేది.

చలికాలంలో ఇంకో కబురు వచ్చింది. వాళ్ళమ్మ పోయింది. ఆ ఊళ్ళో ఎవరు పోయినా ఆ ద్వారం కిందుగానే తీసుకెళ్తారట. జనం గుమికూడతారని ఆవిణ్ణి మాత్రం పోలీసులు అలా తీసుకెళ్ళనివ్వలేదు, వెనక సందులోంచి పంపించారు. అంట్లు సింక్‌లో సర్దుతూ ఆమె ఇదంతా నాకు చెప్పింది. అవతలి గదిలోంచి అత్తయ్య, ఇవాళైనా మీ అమ్మకు ఫోన్ చెయ్యవా అని కేక వేసింది.

నాకు కోపం ఆగలేదు. తను ఏం చేసిందో అత్తయ్యకు ఇవాళ చెప్పేస్తానని కదిలాను. ఆమె తడిచేత్తోనే నా మణికట్టు పట్టుకుంది.

"చెప్పొద్దు. గురువుగారి ముఖం చూడాలని మా అమ్మ జీవితమంతా ఎదురుచూసింది. కూతుర్నై ఉండి నేను భయపడి ఒక్కసారి కూడా చూపించలేదు. ఈవిడ చూపించింది."

నాకు ఏడుపొచ్చింది. ఆమె ఏడవలేదు. చేతులు తుడుచుకుని, అత్తయ్య మాత్రల టైమైందని లోపలికి వెళ్ళింది.