నీలం డబ్బాలో అన్నం మూట

మా వనజాక్షి నెహ్రూ నగర్‌లో నలభై మంది ఇల్లాళ్ల చేత చెత్తడబ్బాకి దణ్ణం పెట్టించింది.

నలభై కాదు లెండి, పదకొండు మంది. వాళ్లలోనూ ఒకావిడ నడుంనొప్పి వల్ల తల మాత్రమే ఊపింది. అబద్ధమాడితే ఒప్పుకోవాలని నేర్పే కాన్వెంటు సిస్టర్ల దగ్గర చదువుకున్నవాణ్ణి కాబట్టి అంతవరకూ ఒప్పుకుంటాను. మిగతాదంతా నిజం.

వనజాక్షి చరోదా రైల్వే కాలనీలో పుట్టింది. తండ్రి బొబ్బిలి వైపు నుంచి వచ్చిన గ్యాంగ్‌మన్. భర్త పోయాక ఇళ్లలో అంట్లు తోమింది, సుపేలా బజారులో ఉల్లిపాయలు అమ్మింది. మూడేళ్ల కిందట మా పేటలో చెత్త వేరుచేసే షెడ్డులో పని దొరికింది. పొద్దున్నే పేరు పిలిచి హాజరు వేసే ఉద్యోగం ఆమె జీవితంలో అదొక్కటే. పేరు పిలిచేసరికి చీర కొంగు సర్దుకుని, బడిపిల్లలా "ఉన్నానండి" అనేదట.

ఆ షెడ్డుకి తాళం పడే రోజు వచ్చింది. రాయపూర్‌లో పాత కాగితం కొనే ఆసామి, అట్టలు తడిసి బూజు పట్టాయని రెండు లారీలు వెనక్కి పంపేశాడు. మూడోది కూడా తిరిగొస్తే ఆరుగురు ఆడవాళ్లూ ఇంటికి పోవలసిందే. సూపర్‌వైజర్ విక్రమ్ మంచి కుర్రాడే. తడి చెత్త పచ్చ డబ్బాలో, పొడి చెత్త నీలం డబ్బాలో వెయ్యమని గేటు గేటుకీ హిందీలో పోస్టర్లు అంటించాడు. అయినా నీలం డబ్బాల్లో కాగితాల మధ్య అన్నం మూటలు వస్తూనే ఉన్నాయి.

ఆ మూటలు ఎవరివో కనిపెట్టింది వనజాక్షే. అన్నీ తెలుగు పేపర్లో కట్టి ఉండేవి. రైల్లో ఒకరోజు ఆలస్యంగా వచ్చే ఆ పేపరు మా పేటలో తెప్పించుకునేది మా ఆంధ్రావాళ్లమే.

ఒక మధ్యాహ్నం మా గుమ్మంలోకి వచ్చి, అలాంటి మూటొకటి వరండాలో పెట్టింది.

"ఏటే వనజా, ఇంత ఎండలో?" అంది మా ఆవిడ అహల్య.

"మీ అన్నం మీకిచ్చేద్దామని వచ్చానమ్మగారూ."

"ఛీ ఛీ, వాసనొస్తోంది! ఇక్కడెందుకు పెట్టావు?"

"మీరు మాకెందుకు పంపారండీ?"

అహల్యకి కోపం వచ్చింది. "నేనేం రోడ్డు మీద పారబోశానా? మిగిలిన అన్నాన్ని శుభ్రంగా కట్టి, శుభ్రమైన డబ్బాలో పెట్టాను. తొక్కలూ, చేప ముళ్లూ పడేసే ఆ పచ్చ డబ్బాలో వెయ్యమంటావా? అన్నమే! కళ్లు పోతాయి."

మా ఇళ్లలో జరిగిన తప్పు ఇదే. రంగులు తెలియక కాదు. భక్తి ఎక్కువై.

వనజాక్షి మెట్టు మీద కూర్చుంది. "ఆ శుభ్రమైన డబ్బా మా షెడ్డులో నేల మీద బోర్లిస్తామండి. అట్టపెట్టెలు కాళ్లతో తొక్కి చదును చేస్తాం. మీ మూట అడుగునెక్కడో ఉంటాది. పాదం కింద మెత్తగా తగుల్తాది. అప్పుడు తెలుస్తాది, అన్నం తొక్కానని. వంగి కళ్లకద్దుకుంటాను. రోజుకి ముప్పైసార్లు."

"ముప్పైసార్లు వంగితే నడుముకి మంచిదేగా," అన్నాను, నవ్విద్దామని. ఎవరూ నవ్వలేదు.

"ఆఖరికి నాకే పాపం తగిలింది బాబుగారూ. ఈ నెల లోడు కూడా తిప్పేస్తే ఇంక నా పేరెవరూ పిలవరు."

అహల్య అడిగింది: "పచ్చ డబ్బాలోది ఏమవుతుంది?"

"గుంటలో వేసి కప్పెడతాం. మట్టైపోయేదాకా దాని మీద ఎవరూ కాలు పెట్టరు. ఆ ఎరువు మొక్కలకేస్తారు."

అహల్య లేచింది. మూట విప్పి అన్నం పచ్చ డబ్బాలో వంపింది. చెయ్యి కడుక్కుని, డబ్బా అంచుని తాకి కళ్లకద్దుకుంది. డబ్బాకో, అన్నానికో, మెట్టు మీద కూర్చున్న మనిషికో, నేనడగలేదు.

మర్నాటి నుంచి ఇద్దరూ కలిసి ఇంటింటికీ వెళ్లారు. పోస్టరు చదవడం రాని ముసలమ్మల దగ్గర కూర్చుని తెలుగులో చెప్పారు. "మా కోడలు చూసుకుంటుంది" అన్న ఇంట్లో వంటగదిలోకే వెళ్లి చెప్పారు. రెండిళ్లలో తలుపు మొహం మీదే వేశారు. మూడోరోజు మళ్లీ వెళ్లారు. చివరికి పదకొండు మంది అహల్యలాగే పచ్చ డబ్బాలో అన్నం వంపి, దానికి దణ్ణం పెట్టారు.

నెలాఖరున లారీ బయల్దేరింది. వనజాక్షి ఆ పూట అన్నం తినలేదట. సాయంత్రం దాకా షెడ్డు గేటు దగ్గరే నిలబడింది. లారీ తిరిగొచ్చింది, ఖాళీగా. కొనేవాడు మొత్తం దించుకున్నాడు. ఆమె అప్పుడు గేటు వేసి, అన్నం తినడానికి వెళ్లింది.

ఇదంతా రాసి, అచ్చుకి పంపేముందు ఆమెకి చదివి వినిపించాను. చెత్త బండి పక్కన నిలబడి, చేతి గ్లవుజులు తియ్యకుండా ఆఖరిదాకా వింది.

"ఒక్క ముక్క నిజం కాదు బాబుగారూ," అంది. "ఇది అచ్చైతే నలుగురూ నన్నేమనుకుంటారు? నేను మీ ఇంటికి మూటేదీ తేలేదు. అమ్మగారితో ఏ ఇంటికీ వెళ్లలేదు. నా జన్మలో ఎవరి అన్నమూ తొక్కలేదు."