సౌండు కార్డుకు కుడి పక్క

మా తమ్ముడు లోకనాథ్‌కు చిన్నప్పటి నుంచీ ఒకటే జబ్బు. ఏ వస్తువైనా శబ్దం చేస్తే, ఎందుకు చేస్తోందో తెలిసేదాకా వాడికి అన్నం దిగదు. రాయకోటలో ఉన్నప్పుడు నాన్న రేడియోను మూడుసార్లు విప్పాడు. రెండుసార్లే బిగించాడు.

తర్వాత హోసూరులో బండ్ల ఫ్యాక్టరీలో రేకులు కొట్టే ప్రెస్ మిషన్ మీద పని దొరికింది. ఆ మోతకు చెవుల్లో పెట్టుకోమని ఇచ్చిన బిరడాలు జేబులోనే ఉండేవి.

"అవి పెట్టుకుంటే మిషన్ మాట వినపడదు సుబ్బక్కా. అచ్చు వదులైతే ముందు నాకే తెలుస్తాది" అనేవాడు.

2002లో పాత కంప్యూటరు కొన్నాడు. కంప్యూటరును నడిపించే ప్రోగ్రాముల్లో ఉచితంగా దొరికే లినక్స్ వేసుకుంటే బొమ్మ వచ్చింది గానీ పాట రాలేదు. సౌండు కార్డును పలికించే ప్రోగ్రామును డ్రైవరంటారట. ఆ కార్డుకు ఎవరూ రాయలేదు.

"ఎవురూ రాయకపోతే నేనే రాస్తాను" అన్నాడు.

కార్డు చేసినవాళ్ళు వివరాలివ్వలేదు. పుస్తకాలు చూసి నేర్చుకుంటూ, ఒక్కో అంకె మార్చడం, ఒక్క స్పీకరు ముందు కూర్చుని వినడం. ఏడాదిన్నర అదే పని. గోడకు ఇవతలే మా ఇల్లు. ఆ కుయ్‌కుయ్‌లు నాకు చెవిలో జోరీగ.

ఒకరోజు బస్టాండు దగ్గరి నెట్ సెంటరు నుంచి పరుగున వచ్చాడు. లినక్స్‌లో సౌండు పని చూసే జర్మనీ ఆయన జవాబు రాశాడట. నెలాఖరులోగా తప్పుల్లేకుండా పంపితే, అందరికీ వెళ్ళే లినక్స్‌లో వీడి డ్రైవరునూ చేరుస్తాడట. ఉద్యోగం వచ్చినరోజు కూడా వాడి ముఖంలో అంత సంతోషం చూడలేదు.

ఆఖరి పరీక్షకని హెడ్‌ఫోను కొన్నాడు. ఎడమ పక్క పలికింది. కుడి పక్క మూగ. తప్పు తాను రాసిన కోడులోనే ఉందని ఇరవై రోజులు వెతికాడు. వాడు పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. హెడ్‌ఫోను అటూ ఇటూ మార్చి పెట్టుకోవచ్చు కదా? పెట్టుకోడు. ఎడమ అని గుర్తున్న సామాను ఎడమకే బిగించాలి, మారిస్తే లైను ఆగిపోతుంది. పదేళ్ళ ఫ్యాక్టరీ బుద్ధి అది.

గడువుకు రెండు రోజులుందనగా కాఫీ తీసుకుని వెళ్ళాను. తల పట్టుకుని కూర్చున్నాడు.

"కుడి పక్క రాలేదక్కా. తప్పు యాడుందో దొరకలేదు. వదిలేస్తాను."

నాకు ఒళ్ళు మండింది. ఆ హెడ్‌ఫోను లాక్కుని నా చెవులకు తగిలించుకున్నాను.

"మోగతా ఉంది కదరా."

"ఏ చెవికి?"

"ఎడమకు."

"నువ్వు తిప్పి పెట్టుకున్నావు" అని విసుక్కుంటూ, దాన్ని తీసి, అట్లా తిప్పినట్టే తన తలకూ పెట్టుకున్నాడు. కుడి పక్కకని పంపిన శబ్దం వాడి ఎడమ చెవిలో మోగింది. సరిగ్గా పెట్టుకున్నాడు. ఏమీ లేదు. మళ్ళీ తిప్పాడు. మోగింది. మెల్లగా హెడ్‌ఫోను తీసి కుడి చెవి తడుముకున్నాడు.

"కోడు సరిగ్గానే ఉందక్కా" అని నవ్వాడు. "చెవే పోయింది."

నేను ఏడ్చాను. వాడు ఫ్లాపీ జేబులో వేసుకుని, పంపడానికి నెట్ సెంటరుకు వెళ్ళాడు. కుడి చెవి నరం మిషన్ మోతకు దెబ్బతిన్నదని, ఇక రాదని ఆ వారమే డాక్టరు చెప్పాడు.

నెల తిరక్కుండానే డ్రైవరును చేర్చుకున్నారు. ఆ ఫైలు తెరిచి, తన పేరు కింది వరుస మీద వేలు పెట్టి తెలుగులో చెప్పాడు: "కుడి పక్క విని చెప్పినది సుబ్బక్క, హోసూరు."

అంతలో చూస్తే బిరడాలు ఇంకా వాడి చొక్కా జేబులోనే ఉన్నాయి. తిట్టడం మొదలుపెట్టాను. వాడు స్క్రీను చూసుకుంటూ నవ్వుతూనే ఉన్నాడు. అప్పుడు గుర్తొచ్చింది. లేచి వాడి ఎడమ పక్కకు వెళ్ళి, మళ్ళీ మొదటి నుంచి తిట్టాను.