పత్తికట్టె పొయ్యి

ఆ వారమంతా రసూల్‌బీకి కాలు ఒకచోట నిలవలేదు. పెనం మీద రొట్టె వేసి రోడ్డు మీదికి వచ్చేది. రైతు యేసుపాదం పత్తిచేను వైపు చూసేది. మాడిన వాసన వస్తే మళ్ళీ లోపలికి పరుగెత్తేది.

సత్తెనపల్లి రోడ్డు పక్కన రేకుల పాక ఆమెది. గుంటూరు వెళ్ళే మిరపకాయల లారీలు అక్కడ ఆగుతాయి. డ్రైవర్లు జొన్నరొట్టె, గోంగూర పచ్చడి తిని వెళ్తారు. భర్త బుడే పోయాక పిల్లల్ని పెంచింది ఆ రొట్టెలతోనే. గ్యాస్ మీద చేస్తే సిలిండరు వారం తిరక్కుండా ఖాళీ అవుతుంది, వచ్చిందంతా దానికే పోతుంది. పత్తికట్టె ఉంటేనే ఆ పాక నడుస్తుంది.

ఆ ఊళ్ళో కట్టె పీకినందుకు ఎవరూ కూలి అడగరు. చివరి పత్తి తీత అయ్యాక ఆడవాళ్ళు చేలో దిగి మొదళ్ళతో సహా పీకి, రైతుకు నేల శుభ్రంగా అప్పజెప్తారు. పీకినవాళ్ళదే కట్టె. యేసుపాదం చేలో కట్టె ఎప్పుడూ రసూల్‌బీదే. వామి వేసుకుంటే ఏడాదంతా పొయ్యికి లోటుండదు.

ఈ ఏడు ఒక కంపెనీ మనిషి, అనిల్ కుమార్ అని, చేను చేనూ తిరిగి కట్టె కొంటున్నాడు. ఒకరోజు మధ్యాహ్నం అతను పాకలో రొట్టె తింటుంటే రసూల్‌బీ అడిగేసింది.

"అంత కట్టె ఏం చేసుకుంటారు బాబూ?"

"దాంట్లోంచి గ్యాస్ తీస్తారండి. హైడ్రోజన్. రేపు బస్సులన్నీ దాంతోనే. పొగే ఉండదు."

"బస్సుకి పొగ ఉండదు, సరే. మరి నా పొయ్యికి మంట?"

"గ్యాస్ కొనుక్కోండి."

"ఏ గ్యాసు? నా కట్టెలోంచి తీసిందా?"

అనిల్ కుమార్ నవ్వి, ఇంకొంచెం పచ్చడి వేయమన్నాడు.

సాయంత్రం ఆమె చేనికే వెళ్ళింది.

"మాట ఇచ్చేశావా అన్నా?"

"ఇచ్చాను చెల్లెమ్మా," అన్నాడు యేసుపాదం. "సోమవారం మిషన్ దిగుతుంది. సాయంత్రానికి చేను ఖాళీ. మీరు పీకేసరికి రోజులు పడుతుంది. ఆ లోపల గులాబీ పురుగు కట్టెలోనే దాక్కుని మళ్ళీ పైరు మీద పడుద్ది. కిందటేడు కాయలెట్టా పుచ్చిపోయినయ్యో మర్చిపోయావా?"

మర్చిపోలేదు. ఆ పుచ్చుకాయల్లోంచి పత్తి గిల్లింది తనే. అందుకే గట్టిగా అడగలేకపోయింది.

"వేరే పని చూపిస్తాలే, కూలి ఇస్తా."

"కూలి తెచ్చి పొయ్యిలో పెట్టనా?"

"నువ్వొకదానివి. ఇంట్లో మా ఆవిడదీ ఇదే గోల."

సోమవారం రసూల్‌బీ పెనం కోడలు నజ్మీన్‌కు అప్పగించి వెళ్ళి గట్టు మీద నిలబడింది. అష్రఫ్ అనే కుర్రాడు ట్రాక్టరు నడుపుతున్నాడు. వెనక మిషన్ కట్టెను లాగి, నుగ్గుచేసి ట్రాలీలో పోస్తోంది. తన ఏడాది మంట అలా పొట్టుగా మారిపోతుంటే చూడలేక తల తిప్పుకుంది. అప్పుడు కనపడింది. గట్టుకు ఆనుకున్న వరసలు అలాగే నిలబడి ఉన్నాయి. మూలలూ అంతే.

"ఒరేయ్ అష్రఫ్, ఆ గట్టు వారవి పీకవా?"

"అక్కడ మిషన్ అందదు పెద్దమ్మా. తిరగదు."

"మరెవరు పీకాలి?"

అష్రఫ్ గట్టు మీదున్న యేసుపాదం వైపు చూశాడు.

"మనుషులే పీకాలి," అన్నాడు యేసుపాదం.

"చేను మొత్తానికీ మాట్లాడుకున్నామండీ," అన్నాడు ట్రాలీ పక్కన నిలబడ్డ అనిల్ కుమార్.

"అయితే దిగి పీక్కో బాబూ," అంది రసూల్‌బీ. "చేతులకి గుడ్డ చుట్టుకో, తోలు లేచిపోద్ది."

అష్రఫ్ స్టీరింగ్ మీద తల పెట్టి నవ్వాడు. అనిల్ కుమార్ ఫోను తీసుకుని పక్కకు వెళ్ళాడు. యేసుపాదం ఆమె కేసి చూడకుండానే, "కానీయ్. పీకినవాళ్ళదే," అన్నాడు.

ఆమె కొంగు బిగించి వంగింది. పొద్దు వాలేసరికి మోపులు లేచాయి. కళ్ళతోనే కొలుచుకుంది. తొలకరి దాకా కూడా రావు.

"రేపు ఎవరి చేలో దిగుతున్నావురా?" అని అష్రఫ్‌ని అడిగింది.

"కొండమ్మ గారి చేలో."

కొండమ్మ ఇల్లు ఊరికి ఆ చివర. రసూల్‌బీ మోపులు గట్టు మీదే వదిలేసి, చేతులకు చుట్టిన గుడ్డ కూడా విప్పకుండా అటు నడిచింది. మిషన్ దిగకముందే మూలల సంగతి మాట్లాడుకోవాలి.